హామ్ రేడియో – మన కళాశాల కర్తవ్యం

మాట మనిషికి అలంకారం మాత్రమే కాదు. ఆపద వేళ అది ప్రాణాధారం కూడ. దూరాన ఉన్నవారికి తన మాట చేరవేయడానికి మానవుడు అనాదిగా ఎన్నో ఉపాయాలు పన్నినాడు. దండోరా వేయించినాడు, పావురాలను పంపినాడు, తంతి తీగలు పరచినాడు. నేడు ప్రతి విద్యార్థి జేబులోను ఒక ఫోను ఉన్నది. ఇక ఈ విషయంలో ఆలోచించవలసినది ఏమున్నదని పాఠకులు అడుగవచ్చు. ఆలోచించవలసినది చాల ఉన్నదనియే మా మనవి.

గత వర్షాకాలంలో గంగారం మండలం నుండి వచ్చే మా విద్యార్థి ఒకడు నాలుగు దినాలు తరగతికి రాలేదు. ఫోను చేసితే పలుకలేదు. ఐదవనాడు వచ్చి, వాగు పొంగి దారి మూసుకొన్నదని, కరెంటు పోయిన మరునాటికి టవరు కూడ మూగవోయినదని చెప్పినాడు. ఊరిలో జ్వరంతో మంచం పట్టిన ఒక వృద్ధురాలి సంగతి అవతలి ఒడ్డుకు చేరవేయడానికి ఈత వచ్చిన ఇద్దరు యువకులు ప్రాణాలకు తెగించి వాగు దాటినారట. ఈ మాట విన్నప్పటి నుండి మా మనస్సులో ఒక ప్రశ్న నిలిచిపోయినది. చంద్రమండలం నుండి మాట వినగలిగిన ఈ కాలంలో, ఒక వాగు అవతలి నుండి ఇవతలికి మాట రావడానికి మనిషి ఈదవలసి రావడమేమిటి?

గంగారం 2016లో జిల్లాల పునర్విభజన వేళ మండలమైనది. పాకాల అడవులకు చేరువనున్న ఏజెన్సీ ప్రాంతమది. కోయ గూడేలు అధికం. వాన పడితే అక్కడ వాగులే పొలిమేరలవుతాయి. అయితే ఇది గంగారం ఒక్కదాని కథ కాదు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి సమీపాన మోరంచపల్లి గ్రామాన్ని ముంచెత్తినది. ప్రజలు మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకొనగా, వారిని కాపాడడానికి హెలికాప్టర్లు రావలసి వచ్చినది. ఆ దినాలలోనే ములుగు జిల్లా కొండాయి గ్రామస్థులు కొందరు జంపన్నవాగు వరదకు బలియైనారు. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి రైళ్లు నిలిచిపోయినవి. ఇవన్నీ మన పూర్వపు వరంగల్లు జిల్లా సీమలో, మన కండ్ల ముందర జరిగినవే.

ఇక్కడ సెల్‌ఫోను స్వభావాన్ని కొంత తెలిసికొనవలెను. మనము ఫోనులో మాట్లాడినప్పుడు మన మాట నేరుగా అవతలివాని ఫోనుకు పోదు. మొదట దగ్గరి టవరుకు పోతుంది. అక్కడి నుండి భూమిలో పరచిన కేబులు మీదుగానో, మరియొక టవరు మీదుగానో దూరాననున్న కేంద్రానికి పోతుంది. తిరిగి అదే విధంగా అవతలి టవరు చేరి, దాని నుండి ఆ ఫోనుకు పోతుంది. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా మాట ఆగిపోతుంది. కరెంటు పోయిన పిదప టవరు బ్యాటరీ కొన్ని గంటలే నిలుస్తుంది. ఆ తరువాత డీజిలు కావలెను. డీజిలు తెచ్చే బండికి దారి కావలెను. దారియే కొట్టుకొనిపోయినప్పుడు ఏమి చేయగలము?

హామ్ రేడియోలో ఈ గొలుసు లేదు. ఈ వైపు ఒక సెట్టు, ఆ వైపు ఒక సెట్టు, ఇరువైపుల బండికి వాడే 12 వోల్టుల బ్యాటరీ, ఆకాశాన కట్టిన కొంత రాగితీగ. అంతే. నడుమ ఉన్నది గాలి, దాని పైన ఆకాశం. వీటిని ఏ వరదయు ముంచజాలదు.

హామ్ అనగా ఎవరు? జీతం కొరకు గాక, లాభం కొరకు గాక, కేవలం ఆసక్తి చేత, సేవాభావం చేత ప్రభుత్వ అనుమతి పొంది సొంతంగా వైర్‌లెస్ కేంద్రాన్ని నడుపుకొనే వ్యక్తి. ప్రపంచమంతటను ఇట్టివారు లక్షల సంఖ్యలో ఉన్నారు. మన దేశంలో 1921లోనే కలకత్తాలో అమరేంద్రచంద్ర గుప్తు, ముకుల్ బోసు అనువారు ఈ మార్గాన్ని తొక్కినారు. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీకి కూడ హామ్ లైసెన్సు ఉండేదన్న సంగతి విద్యార్థులలో చాలమందికి తెలియదు.

మన హైదరాబాదు ఈ విద్యలో దేశానికి దారి చూపిన నగరం. నిజాం కాలపు దక్కన్ రేడియో ఉర్దూ పలుకులను వినిపించిన గడ్డ అది. ఆ గడ్డపై 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అను సంస్థ వెలసినది. సూరి గారు దానికి వ్యవస్థాపకులు. 2001లో గుజరాతు భూకంపం వచ్చినప్పుడు హామ్‌లు భుజ్ చేరి సెట్లు నెలకొల్పి వార్తలు అందించినారు. 2004 డిసెంబరులో ఆ సంస్థ పక్షాన భారతీ ప్రసాద్ అను మహిళ అండమాన్ దీవులకు వెళ్లి, పోర్ట్‌బ్లెయిరు నుండి ప్రపంచపు హామ్‌లతో సంభాషణలు జరుపుచుండినారు. 26వ తేదీ ఉదయం భూమి కంపించినది; సునామీ విరుచుకొనిపడినది. తక్షణమే ఆమె వినోద సంభాషణ చాలించి, దీవులలో చిక్కుకొన్నవారి క్షేమసమాచారాలను ప్రధాన భూభాగానికి చేరవేయడం మొదలిడినారు. అంతవరకు ముచ్చట్లాడిన సెట్టే ఆపదలో ప్రాణబంధువైనది. 2005 మే 5న శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టుపై హామ్‌శాట్ అను చిన్న ఉపగ్రహం కేవలం హామ్‌ల ఉపయోగం కొరకే ఎగిరి, 2014 వరకు పనిచేసినదంటే ఈ అభిరుచిని ప్రభుత్వం ఎంతగా గౌరవించినదో ఊహించవచ్చును.

మన విద్యార్థులు ప్రత్యేకించి తెలిసికొనవలసిన పేరు మరియొకటి ఉన్నది. హైదరాబాదు వాస్తవ్యులైన అష్హర్ ఫర్హాన్ గారు ‘బిటెక్స్-20’ అను సెట్టును రూపొందించినారు. విదేశపు సెట్లు సామాన్యునికి అందని ఖరీదు. వాటిలో వాడే కొన్ని భాగాలు మన బజారులో దొరకవు. ఆయన ఆ కొరతను చూచి నిట్టూర్చలేదు. సాధారణ రేడియో విడిభాగాలతోనే సెట్టు తయారు చేసే ఉపాయం కనిపెట్టినారు. తీగచుట్టలకు కావలసిన ప్రత్యేకపు ఉంగరాలకు బదులు నల్లాలలో వేసే వాషర్లను వాడినారు. ఆ నమూనాను దాచుకొనక లోకానికి ఉచితంగా ప్రకటించినారు. నేడు ఐరోపాలోను, అమెరికాలోను గల ఔత్సాహికులు హైదరాబాదులో పుట్టిన ఆ సెట్టును చూచి తమ చేతులతో తయారు చేసికొంటున్నారు. చదువు, చేతిపని, ఔదార్యం మూడును ఒకచోట కలిసిన సందర్భమిది. నల్లా వాషరు మన ఊరి దుకాణంలోను దొరుకుతుంది. కొరవడినది వాషరు కాదు, పూనిక.

ఈ లైసెన్సు ఎట్లు పొందవలెనన్నది విద్యార్థుల మొదటి ప్రశ్న. పన్నెండేండ్లు నిండిన భారత పౌరులెవరైనను పరీక్షకు కూర్చొనవచ్చును. డిగ్రీ అక్కరలేదు, సైన్సు గ్రూపు కానక్కరలేదు. పరీక్షను కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ నడుపుతుంది. దరఖాస్తును ఆ శాఖవారి సరళ్ సంచార్ పోర్టలు ద్వారా పంపుకొనవచ్చును. పరీక్షలో రెండు భాగాలు. మొదటిది రేడియో సిద్ధాంతం: ఓం నియమం, అనునాద వలయాలు, ట్రాన్సిస్టరు, మాడ్యులేషను, ఏరియలు, ఆకాశపు అయానావరణంలో తరంగాల నడక మొదలైనవి. ఇంటర్మీడియటు భౌతికశాస్త్రం చదివినవారికి ఇందులో సగానికి పైగా పాత పాఠమే. రెండవది నియమావళి: ఏ తరంగాలపై మాట్లాడవచ్చును, ఏమి మాట్లాడరాదు, ఆపద సందేశం వినబడితే ఏమి చేయవలెను అన్నవి.

లైసెన్సులో సాధారణ శ్రేణి, పరిమిత శ్రేణి అని రెండు ఉన్నవి. సాధారణ శ్రేణివారి గుర్తుపేరు ‘వి.యు.2’తోను, పరిమిత శ్రేణివారిది ‘వి.యు.3’తోను మొదలవుతుంది. ఈ గుర్తుపేరునే కాల్‌సైన్ అంటారు. పూర్వం మోర్స్ సంకేతాలు నేర్వనిదే ప్రధానమైన తరంగాలపై ప్రవేశం లేకుండెను. ఆ టక్కుటక్కులకు జడిసి ఎందరో వెనుదిరిగినారు. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో మహాసభ ఈ నిర్బంధాన్ని తొలగించి, నిర్ణయాన్ని ఆయా దేశాలకు విడిచినది. మన దేశంలో పరిమిత శ్రేణికి మోర్స్ పరీక్ష లేదు. కనుక తొలి మెట్టు అందరికి అందే ఎత్తులోనే ఉన్నది. మోర్స్‌ను నేర్చుకొనరాదని మా అభిప్రాయం కాదు. 2013 జూలైతో మన దేశంలో తంతి సేవ ముగిసినది. తంతివారు విడిచిన ఆ భాషను హామ్‌లు నేటికిని కాపాడుకొంటున్నారు. మాట వినబడనంత బలహీనమైన సంకేతంలోను మోర్స్ వినబడుతుంది.

గంగారం వంటి అడవి ప్రాంతానికి ఏ తరంగం తగినదన్నది కూడ తెలిసికొనదగినది. చేతిలో పట్టుకొనే చిన్న సెట్ల తరంగాలు దాదాపు చూపు మేరకే సాగుతాయి. గుట్ట అడ్డు వచ్చిన ఆగిపోతాయి. 7 మెగాహెర్ట్జుల వద్ద నున్న 40 మీటర్ల తరంగాలు అట్లు కావు. దీనికి కావలసిన ఏరియలు సుమారు 20 మీటర్ల తీగ; నడుమ తెంచి, రెండు వైపుల పది పది మీటర్లుగా కట్టవలెను. దానిని రెండు వెదురు గడల నడుమ అంత ఎత్తు లేకుండ కట్టినచో తరంగం నిటారుగా పైకి పోయి, అయానావరణాన్ని తాకి, గొడుగు వలె చుట్టుపక్కల వందల కిలోమీటర్ల మేర దిగివస్తుంది. గుట్టలు, అడవులు దానికి అడ్డు కావు. వేళను బట్టి, ఆకాశపు స్థితిని బట్టి ఫలితం మారుతుంది గనుక అభ్యాసం అవసరం. ఆపద వచ్చిన నాడు సెట్టు కొనితెచ్చినంత మాత్రాన ఎవరును మాట్లాడజాలరు. ముందుగా నేర్చినవారే ఆనాడు పనికివస్తారు.

ఇక అసలు మాటకు వస్తాము. ఆ గంగారం విద్యార్థికి ఫోన్లు బాగుచేయడంలో మంచి నేర్పు ఉన్నది. ఈ పరీక్షకు చదువవలసినదని మేము ప్రోత్సహించినాము. వాని తండ్రి కళాశాలకు వచ్చి ఎంతో మర్యాదగా ఇట్లన్నాడు: “సార్, మీరు మంచికే చెప్తున్రు. కానీ మనసొంటోళ్ల ఇంట్ల వైర్‌లెస్ సెట్టు కనవడితే రేపు ఎవరేమంటరో? పిల్లగాని నౌకరీకి అడ్డమైతే ఏం జెయ్యాలె?”

ఆ తండ్రి మాటను మేము నవ్వి త్రోసిపుచ్చలేము. మా ఇంటిలో పెద్దలున్నను అదే మాట అనియుందురు. మైనారిటీ కుటుంబాలలో ఈ భయం ఉన్నదన్నది సత్యం. ఏజెన్సీ గ్రామాలలోను ఒక తరం ఇరువైపుల నుండి అనుమానపు చూపులను భరించినది. భయానికి కారణం లేదని బోధించడం సులభం. భయపడినవానికి తోడుగా నిలుచుట కష్టం. ఈ రెండవ పనియే చేయదగినదని మేము తలంచుచున్నాము.

అయినను ఆ తండ్రికి మేము చెప్పిన సమాధానం ఇక్కడ వ్రాస్తున్నాము. హామ్ రేడియో కంటె బహిరంగమైన సంభాషణ లోకంలో లేదు. హామ్ తన కాల్‌సైన్ చెప్పియే మాట్లాడవలెను. రహస్య సంకేతాలు వాడరాదు. వ్యాపారపు మాటలు చెప్పరాదు. ఎవరితో ఏ వేళ మాట్లాడినదియు దినచర్య పుస్తకంలో వ్రాయవలెను. ఆ మాటలను ప్రపంచంలో ఎవరైనను వినవచ్చును. ప్రభుత్వపు పర్యవేక్షక కేంద్రాలు వినుచునే ఉంటాయి. దాచుకొనదలచినవాడు ఎంచుకొనే మార్గం కాదిది. అంతేగాక లైసెన్సు ఇచ్చే ముందు ప్రభుత్వం విచారణ జరిపి, ఇతడు నమ్మదగిన పౌరుడని తేల్చుకొని మరీ కాల్‌సైన్ ఇస్తుంది. ఆ కాల్‌సైన్‌లో కులం లేదు, మతం లేదు, తండ్రి ఆస్తి లేదు. దేశాన్ని తెలిపే రెండు అక్షరాలు మాత్రం ముందున్నవి. జపానులోనో, బ్రెజిలులోనో ఉన్న మనిషి ఆ పిలుపు విన్నప్పుడు భారతదేశం పలికినదనియే అనుకొంటాడు. మన యువకునికి ఇంతకంటె గౌరవప్రదమైన చిరునామా ఏమి కావలెను?

అనుమతి లేని సెట్టు మాత్రం నేరమే. 1885, 1933 సంవత్సరాల పాత చట్టాల కాలంలో నేరమే. వాటి స్థానంలో 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారమును నేరమే. ఇంటర్నెట్టులో అమ్మే చవక సెట్టు కొని లైసెన్సు లేక మాట్లాడేవాడు తనకు మాత్రమే గాక తన తోటివారందరికి కీడు చేసినవాడవుతాడు. విద్యార్థులు ఈ విషయంలో కడు జాగరూకులై ఉండవలెను.

లోపాలను దాచడం మా ఉద్దేశ్యం కాదు. పరీక్షలో ఉత్తీర్ణులైన తరువాతను లైసెన్సు చేతికి రావడానికి నెలలు గడువవచ్చును. విచారణకు వచ్చినవారు అడిగే ప్రశ్నలకు పల్లెటూరి తల్లిదండ్రులు బెదరవచ్చును. అందువలననే ఈ భారాన్ని ఒంటరి విద్యార్థి నెత్తిన పెట్టరాదని మా దృఢాభిప్రాయం. కళాశాలయే ముందు నడువవలెను. నియమాల ప్రకారం వ్యక్తులకే గాక విద్యాసంస్థలకు, క్లబ్బులకు సైతం కేంద్రం నెలకొల్పుకొనే అనుమతి లభిస్తుంది. లైసెన్సు ఉన్న ఒక వ్యక్తి దానికి బాధ్యుడుగా ఉండవలెను. మొదటి సెట్టు కళాశాల పేరున, కళాశాల కప్పు మీద, అందరి కండ్ల ఎదుట ఉండనిండు. స్థానిక పోలీసు అధికారులను, రెవెన్యూ అధికారులను ప్రారంభోత్సవానికి పిలిచి కుర్చీ వేసి చూపనిండు. వారికిని వరద వచ్చిననాడు ఈ పిల్లల అవసరం కలుగుతుంది. ఆ పిదప ఒక విద్యార్థి ఇంటిలో సెట్టు ఉన్నదంటే, అది ఫలానా కళాశాల క్లబ్బువాని సెట్టని ఊరంతయు చెప్పుకొంటుంది.

తెలుగు అధ్యాపకులకు రేడియోతో పనేమిటని మిత్రులు కొందరు మమ్ము పరిహసించినారు. భాష చెప్పేవానికి మాట చేరినదా లేదా అన్న చింత ఉండదా? మేమును ఇంకను పరీక్ష వ్రాయలేదు. ఓం నియమాన్ని భౌతికశాస్త్ర సహోద్యోగి వద్ద మరల మొదటి నుండి నేర్చుకొంటున్నాము. మొదటి జట్టు విద్యార్థులతో పాటు హైదరాబాదు వెళ్లి పరీక్షకు కూర్చొనవలెనని మా సంకల్పం. గురువు తప్పినను సిగ్గు లేదు. శిష్యులు నెగ్గినచో అదే చాలును.

కళాశాల కమిటీ పెద్దలకు మేము విన్నవించేది స్వల్పమే. భౌతికశాస్త్ర ప్రయోగశాల పక్కన ఒక చిన్న గది, కప్పు మీద రెండు గడలు పాతడానికి అనుమతి, వారానికి రెండు సాయంకాలాలు, పరీక్షకు వెళ్లే పేద విద్యార్థుల ఫీజు, దారిఖర్చులు. హైదరాబాదులోని అనుభవజ్ఞులైన హామ్‌లను ఒకసారి ఆహ్వానించినచో మార్గం మరింత సుగమమవుతుంది. వార్షికోత్సవంలో ఒక పూట విందుకయ్యే వ్యయం కంటె ఇది ఎక్కువ కాదని మా అంచనా. రెండేండ్లకొకసారి లక్షలాది జనం కూడే మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లవాని కబురు ఒక చోటి నుండి మరియొక చోటికి చెప్పడానికి, అధికారుల అనుమతితో మన విద్యార్థులు నిలువగలిగిన నాడు మన కళాశాల పేరు ఏ ప్రకటన లేకయే అడవి పల్లెలన్నింటను వినబడుతుంది.

విద్యార్థినులు కూడ ముందుకు రావలెనని ప్రత్యేకంగా కోరుచున్నాము. ఇంటి నుండియే లోకంతో మాట్లాడగలిగిన ఈ విద్య వారికి ఎంతయు అనుకూలం. అండమాన్ దీవులలో ఆ భీకర దినాన సెట్టు ముందు కూర్చొన్నది ఒక మహిళయే అన్న సంగతి వారు మరువరాదు.

ప్రియ విద్యార్థులారా! ఉద్యోగానికి పనికివచ్చే చదువు మీరు చదువుతూనే ఉన్నారు, చదువవలెను. దానితో పాటు ఊరికి పనికివచ్చే విద్య ఒకటి చేతిలో ఉండుట మంచిది. రాబోయే వానాకాలానికి ముందుగా పది మంది పేర్లు మాకు అందినచో పాఠాలు మొదలుపెడతాము. ఆ గంగారం విద్యార్థి పేరు ఇప్పటికే మా పుస్తకంలో మొదట ఉన్నది. కళాశాల తోడు నిలుస్తుందన్న మాట మీద వాని తండ్రి తానే స్వయంగా వచ్చి ఆ పేరు వ్రాయించి పోయినాడు. ఆ మాటను నిలబెట్టుకొనవలసినది ఇక మనమే.